మా అయ్య ఎలా పనిచేస్తాడు?

ఎనిమిదో తరగతిలో మా అయ్య గురించి ఇంగ్లీషులో ఒక వాక్యం రాశాను. దాని గురించి నోరు తెరవటానికి నాకు యాభై ఏళ్ళు పట్టింది.

'మై ఫాదర్ హార్డ్‌లీ వర్క్స్.'

ఇంగ్లీషు వచ్చినవాళ్ళు ఈపాటికి నవ్వేసి ఉంటారు. నవ్వండి, ఫర్లేదు. ఆ రోజు క్లాసులో నలభై మంది నవ్వారు. రానివాళ్ళు మాత్రం కాసేపు ఓపిక పట్టండి. ఇది మీకోసమే రాస్తున్నాను.

మాది గుండుగొలను. అప్పుడు పశ్చిమ గోదావరి జిల్లా, 2022 నుంచి ఏలూరు జిల్లా. ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం వెళ్ళే హైవే మీద భీమడోలుకి ముందు వస్తుంది. దక్షిణానికి దిగితే కొల్లేరు. మా ఊరి పేరు చెబితే చదువుకున్నవాళ్ళు భోగరాజు పట్టాభి సీతారామయ్య గారి పేరు చెబుతారు. నిజమే, 1880లో ఆయన మా ఊళ్ళోనే పుట్టారు. కాంగ్రెసు చరిత్రని ఇంగ్లీషులో రాసి 1935లో అచ్చేయించిన పెద్దాయన. 'మా ఊరు' అన్నాను గానీ అది నోటి అలవాటు. ఆయన పుట్టింది ఊళ్ళో. మేం పుట్టింది మాలపల్లెలో. ఊరికీ పల్లెకీ మధ్య దూరం ఎంతంటే, పిలిస్తే పలికేంత, చెయ్యి చాపితే తగలనంత.

మా ఇంట్లో ఇంగ్లీషు అక్షరం మొదట దిద్దింది నేనే. అదీ ఆరో తరగతిలో. అప్పట్లో తెలుగు మీడియం బళ్ళలో ఏబీసీడీలు ఆరులోనే మొదలు.

ఎనిమిదిలో, అంటే 1973లో, పార్ట్స్ ఆఫ్ స్పీచ్ చెప్పారు. బడి పేరు చెప్పను, మాస్టారి పేరూ చెప్పను. పేరు చెబితే తప్పు ఆయనొక్కడిదే అయిపోద్ది. నౌను, ప్రొనౌను, వెర్బు, యాడ్జెక్టివు వరకు బాగానే నడిచింది. యాడ్వర్బు దగ్గరకొచ్చేసరికి బోర్డు మీద రెండు వరసలు రాశారు. ఎడమ పక్క స్లో, క్విక్, బ్రేవ్. కుడి పక్క స్లోలీ, క్విక్‌లీ, బ్రేవ్‌లీ. 'యాడ్జెక్టివుకి ఎల్‌వై తగిలిస్తే యాడ్వర్బు. అంతే. రాసుకోండి' అన్నారు. రాసుకున్నాం. మర్నాడు 'మై ఫాదర్' మీద ఐదు వాక్యాలు రాసుకు రమ్మన్నారు.

మా అయ్య ఊళ్ళో ఒక కామందు దగ్గర పాలేరు. పొద్దు పొడవక ముందే పోయేవాడు. దమ్ముల్లో, ఊడ్పుల్లో, కుప్పనూర్పుల్లో ఆయన ఇంటికి ఎప్పుడొచ్చేవాడో నాకు తెలిసేది కాదు. నేను నిద్రపోయాక వచ్చి నేను లేవకముందే పోయే మనిషి గురించి ఐదు వాక్యాలేం రాస్తాను? నా దగ్గరున్నది ఒకటే మాట. కష్టపడి పనిచేస్తాడు. వర్క్స్ తెలుసు. కష్టమంటే హార్డు అని తెలుసు. మాస్టారు చెప్పినట్టే హార్డుకి ఎల్‌వై తగిలించాను. తెలుగులో 'కష్టపడి' ముందొస్తుంది, 'పనిచేస్తాడు' వెనకొస్తుంది. అట్టాగే పేర్చాను. నాకు తెలిసిన సూత్రం తప్పలేదు, నాకు తెలిసిన వరస తప్పలేదు.

తెల్లారి మాస్టారు నా నోటుబుక్కు దగ్గర ఆగారు. లేపి నిలబెట్టి గట్టిగా చదవమన్నారు. చదివాను. 'దానర్థం ఏంటో తెలుసా? మా నాన్న దాదాపు పనే చెయ్యడు అని' అన్నారు. తర్వాత క్లాసు వంక తిరిగి, 'అయినా ఉన్నమాటే రాశాడులే. వాళ్ళు ఒళ్ళు వంచి పనిచేస్తే ఇంకేం' అన్నారు.

అప్పుడు నవ్వారు. అంతకుముందు నవ్వలేదు, నాకు బాగా గుర్తు. హార్డ్‌లీ అంటే ఏంటో వాళ్ళకీ తెలీదు. మాస్టారు రెండో మాట అన్నాకే నవ్వారు.

ముందు బెంచీలో మా అయ్య పనిచేసే కామందు కొడుకున్నాడు. సాయంత్రానికి ఆ మాట కళ్ళానికి చేరింది. 'ఏరా, నువ్వు పనిచెయ్యవని నీ కొడుకే ఇంగ్లీషులో రాసిచ్చాడంట గదా' అని కామందు పదిమందిలో అన్నాడంట. మా అయ్య రాత్రి కాళ్ళు కడుక్కుని వచ్చి నా పక్కన కూచున్నాడు. కొడతాడనుకున్నాను.

'అట్టా రాత్తే మార్కులేత్తారంట్రా?' అని అడిగాడు.

నేను మాట్లాడలేదు.

'మార్కులేత్తానంటే రాసుకో. నాకేం పర్లేదు' అన్నాడు.

మార్కులూ రాలేదు.

ఆ హార్డ్‌లీ నన్ను వదల్లేదు. పదో తరగతిలో ఉండగా మా పల్లెనుంచి ఏలూరు వెళ్ళి ఇంటరు చదివే అన్న ఒకాయన అట్ట లేని రెన్ అండ్ మార్టిన్ గ్రామరు పుస్తకం ఇచ్చాడు. బ్రిటిషువాళ్ళ హయాంలో రాసిన పుస్తకం, తర్వాత ఎన్.డి.వి. ప్రసాదరావు గారు సవరించారు. ఇప్పటికీ మన పిల్లలు దాంతోనే కుస్తీ పడుతున్నారు. అందులో చూస్తే మాస్టారు చెప్పింది సగం సూత్రమే. ఎల్‌వై తగిలించి యాడ్వర్బు చేసే మాట నిజమే. కానీ హార్డ్, ఫాస్ట్, లేట్, నియర్ లాంటి మాటలు దేన్నీ తగిలించుకోకుండానే యాడ్వర్బులు. 'హి వర్క్స్ హార్డ్.' అయిపోయింది. తోక అక్కర్లేదు. తోక తగిలిస్తే వేరే జంతువైపోద్ది. లేట్ అంటే ఆలస్యంగా, లేట్‌లీ అంటే ఈమధ్య. నియర్ అంటే దగ్గరగా, నియర్‌లీ అంటే దాదాపు. హార్డ్ అంటే కష్టపడి, హార్డ్‌లీ అంటే ఏదో చేశానా అంటే చేశాననిపించేటంత, చేసినా చెయ్యనట్టే. హియర్, దేర్, నౌ, దెన్, సూన్, ఆఫెన్, నెవర్ ఇవన్నీ యాడ్వర్బులే, ఒక్కదానికీ ఎల్‌వై లేదు. రాసుకుంటూ పోతే కొల్లేటి చాంతాడు.

అటుపక్క ఎల్‌వై ఉండీ యాడ్వర్బు కానివి ఉన్నాయి. లవ్‌లీ, లోన్లీ, ఫ్రెండ్లీ. ఇవి విశేషణాలు. స్టేషన్ల ముందు ఫ్రెండ్లీ పోలీస్ అని బోర్డులు పెడతారు చూశారూ, ఆ ఫ్రెండ్లీ పోలీసు అనే నామవాచకానికి తగిలించిన విశేషణం. పోలీసు ఏం చేస్తాడో, ఎలా చేస్తాడో ఆ మాట చెప్పదు. యాడ్వర్బు కావాలంటే స్టేషన్ లోపలికి వెళ్ళాలి.

కాబట్టి నేను నా పిల్లలకి తోక చూడొద్దని చెప్పేవాణ్ణి. నేను ఇంగ్లీషు మాస్టర్నయ్యాను మరి. ఆ హార్డ్‌లీయే నన్ను మాస్టర్ని చేసిందేమో. తోక చూడొద్దు, క్రియని అడగండి. ఎలా? ఎక్కడ? ఎప్పుడు? ఎంత? ఎన్నిసార్లు? ఏ మాట జవాబు చెప్తే అది యాడ్వర్బు. 'హార్డ్ వర్క్' అన్నప్పుడు వర్క్ నామవాచకం, హార్డ్ దానికి విశేషణం. 'వర్క్ హార్డ్' అన్నప్పుడు వర్క్ క్రియ, హార్డ్ యాడ్వర్బు. అవే రెండు మాటలు. ఎవరి పక్కన నిలబడి ఏ పని చేస్తోందో చూడాలి. మాటకి పుట్టుకతో వచ్చిన కులం లేదు. ఇలా అనగానే కొందరు పండితులకి గుణకర్మల చాతుర్వర్ణ్యం గుర్తొస్తుంది. అది కాదు నేను చెప్పేది. మాట ఈ వాక్యంలో విశేషణం, పక్క వాక్యంలో క్రియావిశేషణం, ఇంకో దాంట్లో నామవాచకం. దాన్ని ఏ వాక్యమూ గుమ్మంలో ఆపదు.

తెలుగు పిల్లలకి ఇంకో గుంట ఉంది. మన 'గా'. అందంగా పాడింది, వేగంగా నడిచింది, నెమ్మదిగా చెప్పింది. ఇక్కడ గా అంటే ఎల్‌వై అనుకుంటే సరిపోద్ది. కానీ మనం 'అన్నం వేడిగా ఉంది' అంటాం, 'మా అమ్మ నీరసంగా ఉంది' అంటాం. గా ఉంది కదా అని 'మై మదర్ ఈజ్ వీక్‌లీ' అని రాస్తే వారపత్రిక అయిపోద్ది. 'ఉంది' ముందొచ్చే గా ఇంగ్లీషులోకి పోతే మామూలుగా విశేషణమే అవుతుంది. 'మై మదర్ ఈజ్ వీక్.' 'మాస్టరుగా చేస్తున్నాడు' అన్నప్పుడు గా మళ్ళీ వేరు, అది 'యాజ్ ఎ టీచర్'. పైగా తెలుగులో 'ఎలా' అన్న ప్రశ్నకి గా ఒక్కటే జవాబు చెప్పదు. కష్టపడి, వంగి, భయపడి, దండం పెట్టి అని క్త్వార్థకాలతో చెప్తాం. ఈ సంగతి నాకు ఏ మాస్టారూ చెప్పలేదు. చెప్పి ఉంటే నేను 'కష్టపడి' కి అతుకు వెతుక్కుంటూ హార్డ్‌లీ దగ్గరికి పోయేవాణ్ణి కాదు.

మా అమ్మకి అక్షరం రాదు. ఊడ్పుల్లో ఇరవైమంది ఆడవాళ్ళ ముఠాని నడిపేది. ఆవిడ నోట్లో ఉన్నన్ని క్రియావిశేషణాలు నేను ఏ గ్రామరు పుస్తకంలోనూ చూళ్ళేదు. 'గబగబా రండే', 'చకచకా నాటండే', 'బోదిలో నీళ్ళు బిరబిరా పోతన్నాయి, మడవ కట్టండే', 'తిన్నగా నిలబడవే', 'గమ్మునుండవే, కామందొత్తన్నాడు'. గబగబా కాళ్ళకి, చకచకా చేతులకి, బిరబిరా నీళ్ళకి. ఒకదాని మాట ఇంకోదానికి వాడదు. ఇంగ్లీషులో మూడింటికీ క్విక్‌లీ అనో ఫాస్ట్ అనో సరిపెట్టుకోవాలి. నేను బియ్యే చదివేటప్పుడు ఒకసారి ఆవిడ మాటలన్నీ రాసుకుందామని కూచున్నాను. 'నా మాటలు రాత్తే ఉజ్జోగం ఇత్తారేట్రా' అని నవ్వింది. మా ఇంట్లో చదువంటే అదీ లెక్క. అయ్యకి మార్కులు, అమ్మకి ఉజ్జోగం.

పిల్లలకి చెప్పాల్సి వచ్చినప్పుడే ఇంకో సంగతి తట్టింది. యాడ్వర్బు మాకు బడి కంటే ముందు ఊరే నేర్పింది. క్రియలు అందరివీ. ఊళ్ళోవాళ్ళూ నడుస్తారు, మేమూ నడుస్తాం. వాళ్ళూ తాగుతారు, కూచుంటారు, మాట్లాడతారు, పెళ్ళి చేసుకుంటారు, చచ్చిపోతారు. మేమూ అంతే. వెర్బుల్లో కులం కనపడదు. మా అయ్య ఊళ్ళోకి నడిచాడు. ఎలా? చెప్పులు చేత్తో పట్టుకుని. నిలబడ్డాడు. ఎక్కడ? అరుగు కింద, వాకిట్లో. నీళ్ళు తాగాడు. ఎలా? వంగి, దోసిలి పట్టి, పైనుంచి పోస్తే. రోడ్డు మీద టీకొట్లో టీ తాగాడు. ఎలా? చూరులో విడిగా పెట్టిన గ్లాసుతో, తాగి కడిగి మళ్ళీ అక్కడే పెట్టి. మాట్లాడాడు. ఎలా? తలొంచుకుని. మా చిన్నాన్న పెళ్ళి ఊరేగింపు వెళ్ళింది. ఎటు? చుట్టు తిరిగి. కామందు కొడుకు, నా ఈడువాడు, మా అయ్యని ఒరేయ్ అన్నాడు. ఎన్నిసార్లు? పిలిచినప్పుడల్లా. ఎవరైనా పైనుంచి చూసి రిపోర్టు రాస్తే 'అందరూ నడిచారు, అందరూ తాగారు, అందరూ మాట్లాడారు' అని రాస్తారు. ఒక్క అబద్ధం ఉండదు అందులో. యాడ్వర్బులు తీసేశారంతే.

'ఓన్లీ' ఉంది. మనవాళ్ళు ఇంగ్లీషు రాకపోయినా వాడే మాట. అదీ యాడ్వర్బుగా వస్తుంది, వాక్యంలో అది ఎక్కడ కూచుంటే అర్థం అక్కడికి జరుగుతుంది. ఊరి బావి మా తాత తవ్వాడు. దాంతో మూడు వాక్యాలు బోర్డు మీద రాసేవాణ్ణి. 'ఓన్లీ మై గ్రాండ్‌ఫాదర్ డగ్ ద వెల్.' మా తాతే తవ్వాడు, ఇంకెవరూ కాదు. 'మై గ్రాండ్‌ఫాదర్ డగ్ ఓన్లీ ద వెల్.' బావిని మాత్రమే తవ్వాడు, చెరువు కాదు. 'మై గ్రాండ్‌ఫాదర్ ఓన్లీ డగ్ ద వెల్.' తవ్వాడు, అంతే. మూడో వాక్యం దగ్గర పిల్లల్ని అడిగేవాణ్ణి, అంతే అంటే ఏంటి, ఏది చెయ్యలేదు అని. కాలవగట్టు వైపు నుంచి వచ్చే పిల్లలు ఆలోచించేవాళ్ళు. పల్లె పిల్లలు టక్కున చెప్పేవాళ్ళు, 'తాగలేదండి' అని.

ఇక ఉద్యమాల్లో తిరిగే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, మీకు చెప్పాల్సింది ఇక్కడుంది.

1991 ఆగస్టు 6న చుండూరు జరిగింది. దాని మొదలు మీకు తెలుసు. జూలైలో సినిమాహాల్లో ఒక దళిత యువకుడి కాలు ముందు సీటులో ఉన్నవాడికి తగిలింది. పొరపాటున తగిలింది. 'పొరపాటున' అన్నది క్రియావిశేషణం. ఊరు ఆ ఒక్క మాటని ఒప్పుకోలేదు. కాలు తగలటం అనే క్రియ వరకే ఒప్పుకుంది. నెల తిరిగేసరికి ఎనిమిది శవాలు.

చుండూరు తర్వాతే మా పల్లెల్లో అట్రాసిటీ యాక్టు అనే మాట అందరి నోళ్ళలో పడింది. చట్టం 1989ది, 1990 జనవరి 30 నుంచి అమల్లోకి వచ్చింది. 1993లో మా చిన్నాన్న కొడుక్కి దాళవా నీళ్ళ దగ్గర గొడవైంది. మా వంతు నీళ్ళు మళ్ళించుకున్నాడు అవతలివాడు, ఇదేంటని అడిగితే బోది గట్టు మీద పదిమంది చూస్తుండగా కులం పేరు పెట్టి తిట్టి చెంప మీద కొట్టాడు. తమ్ముడు ఏడ్చుకుంటూ నా దగ్గరికే వచ్చాడు. మాస్టర్ని గదా, కంప్లెయింటు నేనే రాశాను. 'ఫలానా ఆయన నన్ను తిట్టి కొట్టినాడు, కాబట్టి తగు చర్య తీసుకోవలసిందిగా ప్రార్థన.' స్టేషన్లో తీసుకున్నారు. మామూలు కొట్లాట సెక్షన్లు పెట్టారు. యాక్టు పెట్టలేదు.

ఏలూరులో మనవాడే ఒక లాయరు గారి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన నా కంప్లెయింటు నకలు చదివి నా మొహం చూశాడు. 'మాస్టారూ, మీరు ఇంగ్లీషు మాస్టారు కదండీ?' అన్నాడు. అవునన్నాను. చట్టం పుస్తకం తీసి మూడో సెక్షన్ ఒకటో సబ్‌సెక్షన్లో పదో క్లాజు ముందు పెట్టాడు. అవమానించటం, బెదిరించటం అనే క్రియలకి ముందు 'ఇంటెన్షనల్లీ' అని ఉంది. ఉద్దేశపూర్వకంగా. వెనక 'ఇన్ ఎనీ ప్లేస్ వితిన్ పబ్లిక్ వ్యూ' అని ఉంది. జనానికి కనపడే ఏ చోటైనా. నాలుగో సెక్షన్ తిప్పాడు. విధి నిర్వహణలో నిర్లక్ష్యం చేసే ఉద్యోగిని శిక్షించే సెక్షన్ అది. అక్కడ 'విల్‌ఫుల్లీ' అని ఉంది. కావాలని. 'తిట్టాడు, కొట్టాడు అని రెండు వెర్బులు రాశారు మాస్టారూ. ఏమని తిట్టాడు, ఎక్కడ తిట్టాడు, ఎవరెవరు చూస్తుండగా తిట్టాడు? చట్టం ఉన్నదంతా అక్కడేనండీ' అన్నాడు.

నా చెవుల్లో మళ్ళీ ఆ నలభై మంది నవ్వారు.

ఎలా, ఎక్కడ, ఎప్పుడు అని రోజూ పిల్లల చేత వల్లె వేయించేవాణ్ణి, మావాడి మీద దెబ్బ పడ్డ రోజు ఆ మూడూ మర్చిపోయాను. ఆ కేసు నిలబడలేదు. ఊళ్ళో పెద్దలు కూచోబెట్టి రాజీ చేశారు. తమ్ముడు ఇప్పటికీ ఆ మాటెత్తడు, ఎత్తితే బావుణ్ణనిపిస్తుంది.

'ఇన్ ఎనీ ప్లేస్ వితిన్ పబ్లిక్ వ్యూ' అన్నదాన్ని గ్రామరు భాషలో యాడ్వర్బ్ ఫ్రేజ్ అంటారు. ఒక్క మాట కాదు, మాటల గుంపు, కానీ పని యాడ్వర్బు పనే. ఎక్కడ అన్నదానికి జవాబు. దాని లోపల 'వితిన్ పబ్లిక్ వ్యూ' అన్నది చోటుకి విశేషణం. ఇదేదో పండితుల ముచ్చట అనుకోకండి. 2008లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ ముక్కనే విడదీసి చూసింది. చట్టం అడిగింది పబ్లిక్ స్థలమా కాదా అని కాదు, పబ్లిక్‌కి కనపడే స్థలమా అని. ఇంటి గేటు దగ్గర తిట్టినా రోడ్డు మీదవాళ్ళకి కనపడితే చాలంది. 2015 సవరణ తర్వాత పదో క్లాజు కాస్తా ఆర్ క్లాజు అయింది, మాటలు అవే. 2020లో హితేష్ వర్మ కేసులో, నాలుగ్గోడల మధ్య బయటివాళ్ళెవరూ లేనప్పుడు తిడితే ఈ క్లాజు కిందికి రాదంది. ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, మన కేసుల ప్రాణం ఆ యాడ్వర్బు ఫ్రేజులో ఉంది. కంప్లెయింటు రాసేవాళ్ళు లేనిది చేర్చమని కాదు. ఉన్నది వదలొద్దని. ఇరవై ఏళ్ళుగా నేను పక్క ఊళ్ళ పిల్లలకి కూడా ఇదే చెప్తున్నాను. క్రియ రాశాక ఆగండి. కింద ఐదు ప్రశ్నలు వేసుకోండి. ఎలా, ఎక్కడ, ఎప్పుడు, ఎంత, ఎన్నిసార్లు.

ఒక్కటి మాత్రం నాకు మింగుడు పడదు. వాళ్ళు చేసిన పని 'కావాలని' చేశారని మనం రుజువు చెయ్యాలి. మన కాలు తగిలింది 'పొరపాటున' అని కూడా మనమే రుజువు చెయ్యాలి. మొదటిదానికి కోర్టయినా ఉంది.

2019 నవంబరులో ఇంగ్లీషు మీడియం జీవో నంబరు 81 వచ్చినప్పుడు, 2020 ఏప్రిల్లో హైకోర్టు దాన్ని కొట్టేసినప్పుడు, చాలామంది పెద్దలు తెలుగు ఏమైపోతుందోనని బాధపడ్డారు. తమ పిల్లల్ని ఎక్కడ చదివించారో మాత్రం అడిగితే గమ్మునుండిపోయారు. నా గొడవ మీడియం ఒక్కటే కాదు. ఏ మీడియంలో చెప్పినా పల్లె పిల్లోడికి సగం సూత్రమే చెబుతుంటే ఏం లాభం? ఎల్‌వై తగిలించు, అంతే అనటం. ఆ 'అంతే' తర్వాత ఉన్నదంతా వాళ్ళ పిల్లలకి ఇంట్లో దొరుకుతుంది.

మా అయ్య సంగతి చెప్పి ఆపుతాను.

ఏలూరులో ఒక లైబ్రరీలో పెద్ద ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీ ఉండేది. ఒక్కో సంపుటం ఎత్తితే చెయ్యి నొప్పి పుట్టేది. 1998 వేసవి సెలవుల్లో ఒకరోజు పని లేక హార్డ్‌లీ తీశాను. చదువుతుంటే ఒళ్ళు ఝల్లుమంది. వందల ఏళ్ళ కిందట ఇంగ్లీషువాళ్ళే హార్డ్‌లీని గట్టిగా, బలంగా, శ్రమపడి అనే అర్థంలో వాడారట. తర్వాతెప్పుడో అర్థం జారి జారి 'దాదాపు లేనట్టే' దగ్గర ఆగింది. హార్డుకి తోక ఎందుకు లేదో కూడా అప్పుడే తెలిసింది. చాలా పాత ఇంగ్లీషులో యాడ్వర్బుకి చివర చిన్న అచ్చు ఒకటి ఉండేదట, నాలుకల మీద అరిగి అది రాలిపోయింది. హార్డ్, ఫాస్ట్ లాంటివి అలా బోడిగా మిగిలాయి. అంటే మా మాస్టారు అనుకున్నట్టు హార్డు సూత్రం తప్పిన మాట కాదు, సూత్రం కంటే పాత మాట.

భీమడోలులో రైలు దిగి ఇంటికి ఎలా వచ్చానో గుర్తు లేదు. మా అయ్య అప్పటికి ముసలాడైపోయాడు. నడుం వంగిపోయింది. వాకిట్లో నులకమంచం మీద పడుకుని ఉన్నాడు. పక్కన కూచుని, ఇరవై ఐదేళ్ళ నాటి మాట ఎత్తాను. మర్చిపోయి ఉంటాడనుకున్నాను.

'మర్చిపోతే నేను మనిషినేనా' అన్నాడు.

చెప్పాను. హార్డ్ అంటే ఏంటి, హార్డ్‌లీ అంటే ఏంటి, నేనేం రాయబోయాను, అది ఏమైంది, పాతకాలంలో దాని అర్థం ఏంటి, అన్నీ. ఆయనకి ఎంత ఎక్కిందో తెలీదు. శ్రద్ధగా విన్నాడు.

'అంటే నువ్వు రాసింది తప్పు కాదన్నమాట.'

'ఒకప్పుడైతే కాదయ్యా. ఇప్పుడు తప్పే.'

'ఒకప్పుడైతే కాదు గదా?'

'కాదు.'

కాసేపు పైకి చూస్తూ పడుకున్నాడు. తర్వాత మెల్లగా లేచి కూచున్నాడు.

'ఆ కామందు బతికే ఉన్నాడు గదరా?'

'ఉన్నాడయ్యా. మంచంలో ఉన్నాడు.'

'పొద్దున్నే ఓసారి ఎల్లొత్తాను' అని, లోపలికి తిరిగి మా అమ్మని కేకేశాడు. 'నా చెప్పులెక్కడ పెట్టావే?'